అద్దపుతొట్టె చేప, ఊరి చెఱువు



చరిత్ర యనగానే మనకు కోటలును, కొలువులును, యుద్ధములును స్ఫురించును. నేటి నా ప్రసంగమునకు వస్తువు రాజు కాదు, రాజ్యము కాదు. జానెడు పొడవైన యొక చేప. రాళ్లమీది పాచిని మేయుట దాని వృత్తి. తన చోటికి వచ్చినవానిని తఱుముట దాని స్వభావము. ఇట్టి చేపలు గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వంటి పట్టణములలోని రంగుచేపల అంగళ్లనుండి నేడు పల్లెలకును వచ్చుచున్నవి. ప్రత్తి అమ్ముకొనివచ్చిన తండ్రి పిల్లవాని ముచ్చట తీర్చుటకై అద్దపుతొట్టె కొనితెచ్చును. "ఇది పాచి తినును, అద్దము శుభ్రముగ నుంచును" అని అంగడివాడు చెప్పి పంపును. కొన్ని నెలలు గడచునప్పటికి చేపలు పెరుగును, పోట్లాడుకొనును, ఇంటివారికి విసుగు పుట్టును. అప్పుడు వారికి తోచు నుపాయ మొక్కటే: "చెఱువులో వదలుదము; ప్రాణము నిలుచును, పుణ్యము వచ్చును, చెఱువులో పాచియు పోవును."

ఇది నిజముగ పుణ్యమా అన్నది నేటి ప్రశ్న. చెఱువు పంచాయతీది, పంచాయతీకి బుద్ధి చెప్పవలసినవారు మీవంటి పెద్దలు. కావున ఈ కథను మొదటినుండి మనవి చేయుచున్నాను.

చేపను పాత్రలో పెంచుట మనకు క్రొత్త కాదు. శతపథబ్రాహ్మణమునందును, పిదప మత్స్యపురాణమునందును ఉన్న కథ మీరెఱిగినదే. మనువు దోసిట నీరెత్తగా చిన్నచేప యొకటి వచ్చినది. తన్ను కాపాడుమని వేడుకొన్నది. ఆయన దానిని కడవలో నుంచెను, కడవ చాలలేదు. గుంటలో నుంచెను, గుంటయు చాలలేదు. తుదకు సముద్రమున విడిచెను. కడవ యొక్కటి తెచ్చుకొన్నవానికి గుంట కూడ కావలసివచ్చునని యీ కథ తెలుపుచున్నది. ఇంట చేపను పెంచు ప్రతివాడును ఈ సత్యమును కొలదికాలములోనే గ్రహించును. అయితే మనువు చేతనున్నది భగవంతుడు. ఏ నీట విడిచినను లోకమునకు మేలే. మన తొట్టెలోనిది వట్టి చేప. ఈ భేదమును మఱవరాదు.

చరిత్రకాలమునకు వత్తము. అశోకచక్రవర్తి తన అయిదవ స్తంభశాసనమున కొన్ని జీవులను చంపరాదని ఆజ్ఞాపించుచు, కొన్ని తిథులలో చేపలను చంపుటయు అమ్ముటయు కూడదని వ్రాయించెను. కళ్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోద మను ప్రకరణము కలదు. అందు చేపల జాతులను, ఏ జాతికి ఏ మేత పెట్టవలయునో, ఎట్లు గాలమువేసి పట్టవలయునో ఆ రాజు వివరించెను. మన దేవాలయముల కోనేళ్లలో చేపలకు మరమరాలు చల్లు ఆచారము ఎంత ప్రాచీనమో చెప్పనక్కఱలేదు. చీనాదేశమున సుంగు వంశపు కాలమునందే, అనగా 960 మొదలు 1279 వఱకు గల కాలమున, బంగారుచేపను పెంచు వేడుక ప్రబలెను. ఇవన్నియు పైనుండి చూచు వేడుకలు. చేపను ప్రక్కనుండి చూచుటకు అద్దము కావలయును.

ఆ అద్దము చౌకయగుటకు కారణము ఒక పన్ను. ఇంగ్లండులో గాజుపై నుండిన సుంకమును 1845లో తీసివేసిరి. గాజుపలకలు సామాన్యునికి అందుబాటులోనికి వచ్చెను. 1850లో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో చేపను, నీటిమొక్కను ఉంచి, రెండును ఒండొంటికి ప్రాణాధారమై నిలుచుట నిరూపించెను. కాని మొక్క ఆకులు క్రుళ్లి, పాచి పట్టి, నీరు చెడసాగెను. అప్పుడాయన నత్తలను తెచ్చి వేసెను. నత్తలు ఆ కుళ్లును, పాచిని తిని నీటిని నిలిపెను. తొట్టెలో పాచి తినువానిని కూడ ఉంచవలయునన్న ఆలోచనకు ఇది ఆదిమోదాహరణము. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొఱకు మత్స్యశాల తెఱచిరి. మఱుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ విద్యపై పుస్తకము ప్రకటించెను; "అక్వేరియము" అన్న మాట దానితో లోకమున వ్యాపించెను. మన దేశమున ఇట్టివానిలో మొదటిది 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున తెఱవబడినది. స్వాతంత్ర్యానంతరము 1951లో బొంబాయిలో తారాపూరువాలా మత్స్యశాల వెలసినది.

ఇక మన కథానాయకుని వంశము. దీనిని శాస్త్రజ్ఞులు సిక్లిడు కుటుంబ మందురు. ఈ కుటుంబపు చేపలకు నోటిలో ఒక జత దవడలే కాక, గొంతులో మఱియొక జత దవడలు కలవు. ముందరి దవడలు ఆహారమును గీకి పట్టుకొనును. లోపలి దవడలు నమలును. మన రైతు పరిభాషలో చెప్పవలెనన్న ఒకటి కొడవలి, మఱియొకటి రోలు. రెండు పనులకు రెండు పనిముట్లుండుటచేత ఈ వంశము ఏ మేతకైనను అలవాటుపడగలిగినది. అందువలననే వందలకొలది జాతులుగా విడివడినది.

ఈ వంశమువారు మనకు పూర్తిగా పరాయివారు కారు. మన తూర్పుతీరపు ఉప్పుటేఱులలోను, కొల్లేటిలోను, కేరళ కాయలులలోను స్వదేశపు సిక్లిడు కలదు. కేరళీయులు దానిని కరిమీను అందురు. 2010లో దానిని తమ రాష్ట్రమత్స్యముగ ప్రకటించిరి. బెర్లిను నగరపు వైద్యుడు బ్లాక్ 1790లో దానిని వర్ణించి, సూరతు పట్టణము పేర నామకరణము చేసెను. అదియు పాచిని, నీటిమొక్కలను మేయును. దాని తమ్ముని వంటి చిన్నజాతి, నారింజవన్నె గలది, మఱియొకటి కలదు. ఈ జాతులలో ఆలుమగలు రెండును కలసి గ్రుడ్లను కాచును. వాజములతో విసరుచు గాలినీటిని అందించును. చిన్నజాతి పిల్లలు తల్లిదండ్రుల మేనినుండి స్రవించు జిగురును కొఱికి తినుచు పెరుగును. ఈ చేపలకు దగ్గఱి జ్ఞాతులు ఆఫ్రికా ప్రక్కనున్న మడగాస్కరు దీవిలో కలవు. ఇవి మన నీటితో, మన ఋతువులతో ఎన్నో యుగములుగ సర్దుకొని బ్రతుకుచున్నవి. చెఱువున కెట్టి బెడదయు వీనివలన లేదు.

అంగళ్లలో అమ్మునవి వీని ఆఫ్రికాజ్ఞాతులు. తూర్పు ఆఫ్రికాలో న్యాసా అను మహాసరస్సు కలదు. నేడు మలావీ సరస్సని వ్యవహరింతురు. 1859 సెప్టెంబరులో లివింగ్‌స్టన్ దానిని దర్శించి పాశ్చాత్యలోకమునకు తెలిపెను. దాని పొడవు సుమారు 580 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 700 మీటర్లు. ఏ సరస్సునందును లేనన్ని చేపజాతులు అందున్నవి. వానిలో మిక్కిలిభాగము సిక్లిడులే. ఒడ్డున మునిగియున్న బండలను ఆశ్రయించి బ్రతుకువానిని అచ్చటివారు ఎంబూనా అందురు. ఎథెల్విన్ ట్రెవావస్ అను విదుషి 1935లో ఆ సరస్సు సిక్లిడుల పట్టికను కూర్చెను. జెఫ్రీ ఫ్రయ్యర్ బండల మీది చేపల జీవనమును పరిశీలించి 1959లో ప్రకటించెను. ఆ దశాబ్దపు చివరినుండి ఈ చేపలు విమానములలో దేశదేశముల అంగళ్లకు పయనింప మొదలుపెట్టెను. 1984లో ఆ సరస్సుతీరపు రక్షితవనమును ప్రపంచవారసత్వస్థలముగ యునెస్కో గుర్తించినది.

ఈ చేపలకు పోరెందుకు? మాత్స్యన్యాయ మనిన పెద్దది చిన్నదానిని మ్రింగుట యని అర్థశాస్త్రపు కాలమునుండి మనము వాడుచున్నాము. ఇచ్చటి న్యాయము అది కాదు. ఇది గట్టుతగాదా. బండపైనున్న పాచియే పైరు. మగచేప తనకొక బండభాగమును హద్దు పఱచుకొనును. అచ్చటికి మఱియొక మగచేప వచ్చినచో తఱుమును. కాపలా యున్న భాగములో పాచి మిగిలిన బండకంటె దట్టముగ పెరుగునని పరిశీలకులు గమనించిరి. అనగా ఆ చేప బందెలదొడ్డి కాపరి కూడ. ఆడచేపలు ఆ చోటికే గ్రుడ్లు పెట్టవచ్చును. పెట్టిన గ్రుడ్లను తమ నోటిలో నుంచుకొని సుమారు మూడువారములు సరిగా మేత లేకయే పిల్లలను పొదుగును. మేతయు, సంతానమును ఒక్క అడుగు నేలపై నాధారపడియున్నప్పుడు పోరు తప్పునా? కోడిపోరుతో రాజ్యములే పోయిన పలనాటివారికి ఈ సంగతి విప్పిచెప్పవలసిన పనిలేదు.

మా మనుమని తొట్టెలో వీనిని నేను రెండేండ్లుగ చూచుచున్నాను. పసుపుపై నల్లచారలు గల మగచేప యొకటి మూలనున్న రాతిని ఆక్రమించినది. ఉదయము దీపము వెలిగింపగనే అది తన హద్దుచుట్టు ఒకసారి తిరిగివచ్చును; ఊరిముఖద్వారమున గ్రామనౌకరు తిరిగినట్లుండును. తనవంటి రంగు గలదానిని దూరమునుండియే తఱుమును; వేఱురంగు దానిని అంతగా పట్టించుకొనదు. పాలివాడే పగవాడన్న లోకరీతి నీటిలోను తప్పలేదు. రాళ్లమీద పాచి లేచినచో నోటిని వంచి, తలను అటునిటు ఆడించుచు, ఆకురాయితో రుద్దినట్లు గీకును. ఈ పని చూచుచు కూర్చున్న పిల్లవానికి ఓర్పును, పరిశీలనయు అలవడుట నేను గమనించితిని. కావున పిల్లలు చేపలను పెంచుట తప్పని నేననను. పెంపకమునకు ఒక ధర్మము కలదందును.

ఆ ధర్మమును సంగ్రహముగ చెప్పెదను. ఈ జాతికి నాలుగడుగుల పొడవు, 200 లీటర్ల నీరు పట్టు తొట్టె అయినను ఉండవలయును, గాజుగిన్నె కారాగారమే. తొట్టె నిండ రాళ్లు పేర్చి గుహలు చేయవలయును. ఓడినదానికి దాగుకొన చోటుండవలయును. ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలుండుట మేలు. ఒక్కటే యున్నచో దానిని మగది వేధించి చంపును. మాంసపు మేత ఎక్కువైనచో కడుపుబ్బి చచ్చును. ఆకుమేత ప్రధానముగ నుండవలయును. క్రొత్తతొట్టెలో వెంటనే చేపలను నింపరాదు. చేపల విసర్జనము నుండి అమ్మోనియా పుట్టును, అది విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ఆ జీవులు స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱువారములు పట్టును. అటుపిమ్మట వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చుచుండవలయును.

నీటి విషయమున ఒక విశేషము కలదు. మలావీ సరస్సునీరు క్షారగుణము గలది, కఠినమైనది. మన పలనాటి నేల సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నము దేశప్రసిద్ధము. ఆ ప్రాంతపు బావులలోని నీట కందిపప్పు ఉడకదని ఇల్లాండ్రు విసుగుకొందురు. పప్పుకు పనికిరాని ఆ నీరే ఈ చేపకు సుఖము. ఇది పెంచువారికి అనుకూలమే. కాని చెఱువునకు ప్రతికూలము. ఏలయనగా పరదేశపు చేప మన నీట చచ్చునన్న ధైర్యము మనకు లేదు. మన యెండ దానికి వెచ్చదనము, మన సున్నపునీరు దానికి పుట్టిల్లు.

ఇట్టిచేప చెఱువున పడినచో ఏమగునో ఊహింప నక్కఱలేదు. దీని జ్ఞాతి యొకటి మన చెఱువులలో చేసినపని కన్నులయెదుట నున్నది. అదియే తిలాపియా, దానిని జిలేబి చేప యనియు కొందఱందురు. ఇదియు సిక్లిడే, ఇదియు పాచి మేయునదే. దీని జన్మభూమి ఆఫ్రికా తూర్పుతీరము. 1939లో జావాదీవిలో ఇది కానవచ్చినది; పాక్ ముజాయిర్ అనునతడు దానిని పెంచగా ఆ దీవిలో నేటికిని అతని పేరుతోనే పిలుతురు. దేశమున అన్నము కొఱతగా నున్న దినములలో, చౌకగ మాంసాహారము దొరకునన్న సదుద్దేశముతో, 1952లో ప్రభుత్వపక్షమున దానిని బ్యాంకాకునుండి మండపమునకు తెచ్చిరి. తెచ్చినవారు దుర్బుద్ధులు కారు; పండితులే. కాని ఆ చేప రెండు మూడు నెలల వయసునకే గ్రుడ్లు పెట్టును. పిల్లలను తల్లి నోటిలో దాచుకొని కాపాడును. ఏడాదికి పలుమారులు ఈనును. చెఱువు నిండును గాని చేప పెరుగదు, బెత్తెడై నిలిచిపోవును. తక్కిన చేపల మేతను, గ్రుడ్లుపెట్టు చోటును అది ఆక్రమించును.

ఏడేండ్లు గడవకమునుపే దోషము తెలిసినది. 1959లో భారత మత్స్యపరిశోధక సంఘము దాని వ్యాప్తిని నిషేధించినది. కాని నిషేధము కాగితముపై నుండెను, చేప నీటిలో నుండెను. తమిళనాటి వైగై జలాశయమునను, అచ్చటి అమరావతి జలాశయమునను పట్టుబడి చేపలలో అధికభాగము అదే అయ్యెను. రాజస్థానపు జైసమందు సరస్సున పెద్దజాతి చేపల తూకము తగ్గినది. మన యూళ్లకును అది వచ్చినది. నా చిన్ననాట, 1970 ప్రాంతమున, వేసవిలో చెఱువు తెగదీసి పట్టునపుడు గంపలలో కొరమేనులు, వాలుగలు, మార్పులు, ఇంగిలాయిలు, పరిగెలు ఉండెడివి. ఉద్యోగవిరమణానంతరము అదే చెఱువుగట్టున నిలిచి చూచితిని: గంపకు సగముపైగ తిలాపియా, పరిగెల జాడ వెదకవలసివచ్చినది. పరిగె పేదవాని కూర. అది పోయినచో పోయినది చేప యొక్కటి కాదు, ఒక యింటి పూటకూడు.

ఇంకొక మాట న్యాయముగ చెప్పవలయును. తిలాపియాను పెంచుటయే పాప మనుట సరికాదు. 1988 నుండి అంతర్జాతీయ మత్స్యసంస్థవారు ఫిలిప్పీను దీవులలో మేలుజాతి తిలాపియాను ఎంపికచేసి వృద్ధిపఱచిరి. 2011లో విజయవాడవద్ద రాజీవ్ గాంధీ జలకృషి కేంద్రమువారు ఆ మేలుజాతిని తెచ్చి పెంపకము ప్రారంభించిరి. దానికి గట్టి కట్టలు, వలల కంచెలు, అనుమతి పత్రములు, ఈనకుండునట్లు మగచేపలనే పెంచు విధానము నియమింపబడినవి. కంచె యున్నచోట పెంపకము. కంచె లేనిచోట విడుపు. ఈ రెంటికి భేదము భూమ్యాకాశములంత.

"పరదేశపు వస్తువు లెన్ని మనము స్వీకరింపలేదు? మిరపయే పరదేశిది కాదా?" అని మీలో నొకరు ప్రశ్నింపవచ్చును. సత్యమే. మిరప అమెరికాఖండమున పుట్టినది; 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. అదిలేని గుంటూరును నేడూహింపలేము. పొడవుపింజ ప్రత్తియు అమెరికా సంతతిదే. అయితే మిరపమొక్క నాటినచోట నిలుచును. వలదన్న పెఱికివేయవచ్చును. లాం పరిశోధనక్షేత్రమువంటి చోట్ల పరీక్షించిన పిదప రైతు చేతికి విత్తనమిత్తురు. నీటిలో పడినదానిని పెఱుకుట యెట్లు? దీనికి గుఱ్ఱపుడెక్క సాక్షి. దక్షిణ అమెరికానుండి దానిని ఊదాపూవు అందమునకై తెచ్చిరి. వంగదేశమున అది కాలువలను కప్పివేయగా 1936లో దానిని నిర్మూలించుటకే యొక చట్టము చేయవలసివచ్చినది. చట్టముచేసినను అది పోలేదు. కృష్ణాకాలువలలో నేటికిని కూలివాండ్రను పెట్టి తీయించుచున్నారు. అందముకొఱకు తెచ్చినది ఖర్చుగ మిగిలినది.

ఇంతకంటె దగ్గఱి సాక్షి మఱియొకటి కలదు. తొట్టె అద్దమునకంటిన పాచిని నాకునని దక్షిణ అమెరికానుండి తెచ్చిన గరుకుపొలుసు చేప యొకటి అంగళ్లలో విఱివిగ అమ్ముడుపోయినది. చిన్ననాడు వ్రేలంత; పెరిగిన మూరెడు. పెద్దదికాగానే జనులు చెఱువులలోను, కాలువలలోను విడిచిరి. నేడు కృష్ణానదిలోను, చేపల చెఱువులలోను అది జాలరులకు బెడదయై, గరుకు ముళ్లతో వలలను చింపుచున్నది. అంగడిలో కొనువారు లేరు. జాలరులు దానిని దయ్యపుచేప యనుటలో ఆశ్చర్యమేమున్నది? పాచి తినునన్న ఒక్క గుణమును చూచి తెచ్చుకొన్నదానికి ఫలమిది.

నేరము సిక్లిడు వంశమునదే అనుకొనకుడు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సున 1954 నుండి నైలునదిపు మహామత్స్యము నొకదానిని విడిచిరి. 1980 తరువాత అది విజృంభింపగా, అచ్చట పుట్టిపెరిగిన సిక్లిడులలో సుమారు 200 జాతులు రూపుమాసిపోయినవి. మన చెఱువులో దొంగయైన వంశము తన యింట దోపిడికి గురియైనది. దోషము చేపలో లేదు, స్థానభ్రంశమున కలదు. మొసలి కథ చెప్పి స్థానబలిమిని బోధించిన దేశము మనది. ఈ మాట మనకు క్రొత్త కారాదు.

ఇక "చెఱువులో పాచి పోవును గదా" అన్న వాదము. పాచి రోగము కాదు, రోగలక్షణము. పొలములలో చల్లిన ఎరువు వానకు కొట్టుకొనివచ్చి చెఱువున చేరును; పశువుల పేడ, బట్టల సబ్బు, మురుగు అందు కలియును. ఆ భాస్వరము, ఆ నత్రజనియే పాచికి అన్నము. చేప పాచిని తిన్నను, తిన్నదానిలో చాలభాగమును తిరిగి విసర్జనరూపమున నీటికే యిచ్చును. దానితో మఱల పాచి మొలచును. పద్దు ఇక్కడ తీసి అక్కడ వ్రాసినట్లే కాని అప్పు తీరదు. మురుగును మళ్లించుట, గట్టున గడ్డి పెంచుట, వేసవిలో పూడిక తీసి ఆ మట్టిని పొలమునకు తోలుట, ఇవి పాచికి మందులు. ప్రత్తి, మిరప చేలకు మందుకొట్టిన డబ్బాలను చెఱువులో కడుగుట వెంటనే మాన్పవలయును. ఆ మందులు మనుష్యునికంటె చేపకు శీఘ్రముగ మృత్యువు. వానిలో ఘోరమైన ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు నిషేధించినది. తక్కినవానిని నిషేధించుకొనవలసినది మన బుద్ధియే.

చెఱువు త్రవ్వించుటను మన పెద్దలు సప్తసంతానములలో ఒకటిగ లెక్కించిరి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనమున చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును చెప్పబడినవి. కట్ట కాఱుట, చవిటినేల యగుట, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట మొదలగునవి ఆ దోషములు. ఆ శాసనకర్త నేడున్నచో ఏడవ దోషముగ పరదేశపు చేపను చేర్చెడివాడని నా నమ్మకము. ఏలయనగా ఆనాడు ఒక చెఱువు దోషము ఆ యూరికే పరిమితము. నేడట్లు కాదు. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వచ్చిన పిదప, గుంటూరు, ప్రకాశము ప్రాంతపు త్రాగునీటి చెఱువులెన్నియో వేసవిలో ఆ కాలువనీటితో నిండుచున్నవి. కాలువ యొక్కటే, చెఱువులు వందలు. ఒక యూరి గట్టున ఒక పిల్లవాడు వంచిన గిన్నెడు నీరు పది యూళ్లకు చేరగలదు. పొలిమేర పైరుకు కలదు కాని పాఱునీటికి లేదు.

కావున పెద్దలకు నా విన్నపములు నాలుగు. మొదటిది, ఇంట పెంచలేని చేపను చెఱువులో, కాలువలో, బావిలో, కోనేటిలో విడువరాదని గ్రామసభలో చెప్పించుడు. దానిని అంగడికి తిరిగి యీయవచ్చును, పెంచువారికి దానము చేయవచ్చును. రెండవది, తొట్టెలో మార్చిన నీటిని మొక్కల పాదులలో పోయుడు. అందులోని నైట్రేటు వంగకు, బెండకు ఎరువు. మూడవది, చెఱువును పాటకిచ్చునపుడు ఏ జాతి పిల్లలను వదలుదురో పత్రమున వ్రాయించుడు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు వంటి మన జాతులనే నమ్మకమైన కేంద్రమునుండి తెప్పించుడు. నాలుగవది, వలలో పడిన తిలాపియాను చిన్నదని తిరిగి నీట వేయవలదని జాలరులకు చెప్పుడు.

జీవకారుణ్యము మన ధర్మము. అందు సందేహము లేదు. ఒక్క చేపను కరుణించి వేయి పరిగెలను ఆకలికి అప్పగించుట మాత్రము కరుణ కాదు. తెచ్చుకొన్న ప్రాణిని తుదివఱకు మన యింటనే పోషించుట కరుణ. పోషింపలేమని తోచినచో తెచ్చుకొనకుండుట అంతకంటె మేలు. ఇదే మాటను మీ యింటి పిల్లలకును, రచ్చబండవద్ద పదిమందికిని తెలుపుదురని ఆశించుచున్నాను.